బొగ్గుకి నేను వేసిన మార్కులు

పదవీ విరమణకి ఇంకా రెండేళ్లుందనగా, ఒక జనవరి మొదటి వారంలో, పాచిపెంట వైపు పనిచేస్తున్న నన్ను డిప్యుటేషన్ మీద అరకు వైపు పంపారు. అప్పటికి నా హోదా డిప్యూటీ ట్రైనింగ్ ఆఫీసరు. పారిశ్రామిక శిక్షణలో మా మెట్లు ఇలా ఉంటాయి. అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరు సుత్తి పట్టుకుని నేర్పుతాడు. డిప్యూటీ, సుత్తి పట్టినవాడు వేళకి వచ్చాడా లేదా అని చూస్తాడు. ఆ పైవాళ్లు, అసలు ఇంత సుత్తి ఖర్చు ఎందుకయిందని అడుగుతారు. నేను మొదటి మెట్టు మీద పద్దెనిమిదేళ్లు, రెండో మెట్టు మీద తొమ్మిదేళ్లు ఉన్నాను. నా ట్రేడు పేరు ఫోర్జింగ్. తెలుగులో చెబితే కమ్మరం. తెలుగులో చెబితే హోదా తగ్గుతుందేమోనని మేమెవరమూ అలా చెప్పుకునేవాళ్లం కాదు.

నాకు అప్పగించిన పని పేరు ‘ఇంటి దగ్గరే కమ్మరం’. కొండ ఊళ్ల నుంచి పన్నెండు మందిని తీసుకుని, ఆరు వారాలు నేర్పి, ఇంటికి పట్టుకెళ్లడానికి ఒక్కొక్కరికి ఒక కిట్టు ఇవ్వాలి. కిట్టులో ఇనుము పెట్టి కొట్టే దాగలి, రెండు సుత్తులు, పటకారు, ఇనుము కాల్చుకునే సాధనం. మొదటి మూడింటికీ కమిటీ అక్కర్లేకపోయింది. ఎంతమంది కూర్చుని చర్చించినా దాగలి దాగలే. పేచీ అంతా నిప్పు దగ్గర వచ్చింది.

ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాడికి దెబ్బ కొట్టడం రాకపోవడం పెద్ద కష్టం కాదు, నెల తిరిగేసరికి వస్తుంది. వేడి తెలియకపోవడమే కష్టం. ఇనుము చాలినంత కాలకపోతే సుత్తికి లొంగదు. ఎక్కువ కాలితే రవ్వలు చిమ్ముకుంటూ పనికిరాకుండా పోతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి సందులోనే మా వృత్తి మొత్తం నడుస్తుంది. అందుచేత దేంతో కాల్చాలి అన్నది తేల్చడానికి అయిదుగురితో కమిటీ వేశారు. అధ్యక్షుడు కాఫీ మొక్కల పంపిణీ చూసే పెద్దాయన. ఒక రేంజరు గారు, ఒక విద్యుత్ ఇంజనీరు గారు, ఒక అకౌంట్ల ఆయన సభ్యులు. నేను మెంబర్ కన్వీనర్ని. కన్వీనర్ అంటే టీ చెప్పేవాడు, మినిట్స్ రాసేవాడు, తేడా వస్తే దొరికేవాడు.

మొదట కరెంటు సంగతి చూశాం. ఇంజనీరు గారు తెచ్చిన కాగితంలో రాగి చుట్ట మధ్య ఇనప కడ్డీ నిమిషంలో ఎర్రబడుతున్న బొమ్మ ఉంది. ముచ్చటగా ఉంది. ఆ ఊళ్లలో సాయంత్రం పూట బల్బులో తీగ ఒక్కటే ఎర్రగా కనబడుతుందనీ, ఆ కరెంటుకి ఇనుము కాదు కదా ఇస్త్రీపెట్టె కూడా కాలదనీ ఆయనే ఒప్పుకున్నారు. అయినా తన కాగితాన్ని రికార్డులో ఉంచమన్నారు. ఉంచాం.

రెండోది రాతిబొగ్గు. వేడి బలంగా ఉంటుంది గాని, అంటుకోవడానికి మొండికేస్తుంది. మొదట్లో పసుప్పచ్చటి పొగ కక్కుతుంది. కొలిమి అడుగున కాలిన మడ్డి గట్టిపడి కిట్టం కట్టి గాలి దారి మూసేస్తుంది. కొత్తవాడు సగం పూట ఇనుము కాల్చి, సగం పూట కిట్టం తవ్వుకుంటూ కూర్చోవాలి. పైగా దాన్ని లారీలో ఘాట్ ఎక్కించాలి. లారీ అనగానే అకౌంట్ల ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలారు, ఆ విషయం అక్కడితో ఆగిపోయింది.

మూడోది కర్రబొగ్గు. గంధకం ఉండదు, మెత్తటి గాలికే మండుతుంది, పనిముట్టులో ఏ భాగం కాలాలో అక్కడికే మంటని కుదించుకోవచ్చు. కొండకమ్మర్లు ఎప్పటినుంచో పనిచేస్తున్నది దాంతోనే. నేను ఆ మాట ఎత్తగానే రేంజరు గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “బొగ్గంటే చెట్టు. చెట్టంటే నేను. నా సంతకంతో బొగ్గు కాల్పిస్తారా?” అన్నారు. అడవిని కాపాడటం ఆయన ఉద్యోగం కాబట్టి కాదనడానికి లేదు. ఆ బొగ్గు ఎక్కణ్ణించి వస్తుందో కనుక్కుందామని మాత్రం మా అయిదుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇక మిగిలింది గ్యాసు. లోపల పింగాణీ దూది పరిచిన ఇనప డబ్బా, సిలిండరు నుంచి దాంట్లోకి మంట ఊదే గొట్టం. తలుపులు తీసి ఉంచుకుంటే చాలు, పొగ లేదు, బూడిద లేదు. మంట నిలకడగా ఉంటుంది కాబట్టి కొత్తవాడు ఇనుము మాడ్చేసుకునే భయం తక్కువ. ఇవన్నీ నిజాలే. నేను పద్నాలుగు పేజీల నోట్ తయారు చేసి, నాలుగు సాధనాలకీ గళ్లు గీసి మార్కులు వేశాను. శుభ్రత, నిలకడ, సులువు, ఇలా సాగాయి గళ్లు. చివరి గడికి ‘రెండో మనిషి అవసరం’ అని పేరు పెట్టాను. గ్యాసుకి తిత్తి ఊదే మనిషి అక్కర్లేదు కనుక పూర్తి మార్కులు, కర్రబొగ్గుకి సున్నా. ఆ గడిని కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మిగతావాళ్లు కూడా మెచ్చుకున్నారు, ఎందుకంటే పద్నాలుగు పేజీలూ చదవకుండా సంతకం పెట్టడానికి ఆ పట్టిక బాగా పనికొచ్చింది.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. గ్యాసు సిలిండరు ఉన్న పాకలో రవ్వలు లేచే కొలిమి ఉండకూడదు. అందుకని కిట్టు తీసుకునేవాళ్లు సంతకం పెట్టే ఫారంలో ‘పాత కొలిమి తొలగించబడినది: అవును, కాదు’ అని ఒక వరస చేర్చి, ఫోటో జతచేయాలన్నాను. భద్రత దృష్టితో చూస్తే అందులో తప్పు పట్టడానికి లేదు. భద్రత తప్ప మరి దేనితో చూసినా తప్పే.

శిక్షణకి వచ్చిన పన్నెండు మందిలో ఆడమనిషి ఒక్కతే. పేరు చిలకమ్మ. ముప్పై అయిదేళ్లుంటాయి. కొండకమ్మర్ల కోడలు. ఆమె భర్త దొంబురు మూడు ఊళ్లకి కమ్మరి. ఆటో బోల్తాపడి కుడి మణికట్టు విరిగితే, ఎముక వంకరగా అతుక్కుంది. సుత్తి ఎత్తలేడు. ఆ మూడు ఊళ్లలో పద్ధతి ఏమిటంటే, కమ్మరి ఏడాదంతా పనిముట్లు బాగుచేస్తాడు, పంట ఇంటికొచ్చాక ఇంటింటా సామలో చోళ్లో కొలిచి ఇస్తారు. ఆ గింజలే వాళ్ల ఏడాది తిండి. చిలకమ్మ పెళ్లయిన దగ్గర్నుంచీ కొలిమి చుట్టుపక్కలే బతికినా సుత్తి పట్టి ఎరగదు. తాను నేర్చుకుంటానంటే ఊరి నాయుడు, అంటే ఆ ఊళ్లకి పెద్ద, వానలు పడేదాకా గడువిచ్చాడు. ఈలోగా ఆమె చేతి మీద పనిముట్లు నిలబడితే సరే. లేదంటే గెడ్డ అవతలి, అంటే వాగు అవతలి కమ్మరిని పిలుస్తారు, గింజలు అతనికి పోతాయి. ఈ సంగతి ఆమె దాపరికం లేకుండా మొదటి రోజే చెప్పింది. నేను విని, హాజరు పట్టీలో టిక్కు పెట్టుకున్నాను.

మా సిలబస్ చూసి ఆమె ఏమనుకుందో తెలియదు. అరకు పర్యాటకుల ఊరు కదా అని, తువ్వాళ్లు తగిలించుకునే కొక్కేలు, కొవ్వొత్తి పెట్టుకునే దిమ్మలు, తాళాలు వేలాడదీసే ఆకుల కొమ్మలు నేర్పమని పైనుంచి రాశారు. నేను నేర్పాను. అవన్నీ గ్యాసు డబ్బా మూతిలో చక్కగా పట్టేవి. చిలకమ్మ అందరికంటే బాగా చేసింది. నాలుగో వారంలో ఒకసారి, “బాబూ, మా ఊల్లో తువ్వాల్లు దండెం మీద ఏత్తాం. గొడ్డలి ఎప్పుడు నేర్పుతారు?” అని అడిగింది. సిలబస్‌లో లేదని చెప్పాను. అయినా చివరి రెండు రోజులు మిగిలితే గొడ్డలి అంచుకి నీరు పెట్టడం, అంటే కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచడం, గబగబా చూపించాను. ఆమెకి మొదటి బహుమతి ఇచ్చి, కిట్టు ఇచ్చి, ఫోటో తీసి పంపించాం. పది రోజులకి ఫారం వచ్చింది. పాత కొలిమి తొలగించబడినది: అవును. ఫోటోలో చదును చేసి అలికిన నేల ఉంది.

మే నెలలో నన్ను తనిఖీకి పంపారు. జీపు దిగాక చిలకమ్మ ఊరికి గంటసేపు నడవాలి. సిలిండరుని ఆ దారిలో కావిడి కట్టి మోశారని విన్నప్పుడు, రవాణా అనే గడి నా పట్టికలో లేదని గుర్తొచ్చింది. గ్యాసు అయిపోయి ఉంటుందని, అదే సమస్య అయి ఉంటుందని దారంతా నాకు నేను చెప్పుకుంటూ నడిచాను. వెళ్లేసరికి గ్యాసు కొలిమి గోడవారన శుభ్రంగా తుడిచి, పసుపు బొట్టు పెట్టి ఉంది. సిలిండరు ఎత్తి చూశాను, దాదాపు నిండుగానే ఉంది. ఆ ఇంట్లో ఆ సిలిండరు ఒక్కటే నిండుగా ఉంది. చిలకమ్మ మొహం చిక్కిపోయింది. దొంబురు గుమ్మం దగ్గర కూర్చుని తన వంకర చేతిని చూసుకుంటున్నాడు.

భయపడి వెలిగించడం లేదా అని అడిగాను. ఆమె నేను నేర్పినట్టే, ఎక్కడా తప్పకుండా వెలిగించి చూపించింది. మరి పని ఎందుకు లేదన్నాను. జనం రావడం లేదంది. ఎందుకు రావడం లేదన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి, ఇరవై ఏడేళ్లు ఈ విద్య నేర్పినవాడికి తెలియని సంగతి.

“పనిముట్టు ఎవుడిదో బొగ్గులు ఆడియే బాబూ. ఆడే ఎట్టుకొత్తాడు, ఆడే కూకుని తిత్తి ఊదుతాడు. మాది సెయ్యి ఒక్కటే. మా తాతల కాడ్నుంచీ అంతే,” అంది చిలకమ్మ.

ప్రతి ఇంట్లోనూ వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నీళ్లు చల్లి, ఆ బొగ్గుని బుట్టలో దాచుకుంటారు. గొడ్డలి మొండిబారినప్పుడు ఆ బుట్ట నెత్తిన పెట్టుకుని కమ్మరి దగ్గరికొస్తారు. అంటే రేంజరు గారి చెట్టు అప్పటికే సామలన్నం వండేసి ఉంది. మేం మూడు సమావేశాల్లో కొట్టేసిన ఇంధనం ఆ ఊళ్లో ఏ ఇంట చూసినా పొయ్యి పక్కనే ఉంది.

పనిముట్టు విరిగితే ఎవరిది తప్పు అని అడిగాను. అలవాటుగా అడిగాను, తనిఖీ ఫారంలో ఒక వరస ఉంటే.

“సగం ఆడిది, సగం మాది. నిప్పు ఆడిదే కదేటి,” అంది.

జరిగిందేమిటంటే, కిట్టు వచ్చిన వారానికి సుక్రు అనే రైతు గొడ్డలీ బొగ్గుల బుట్టా పట్టుకొచ్చాడు. బొగ్గులు వద్దంది చిలకమ్మ, అక్కడ వాటికి చోటు లేదు. పోనీ ఊదుతానన్నాడు. ఊదడానికేమీ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక పక్కన కూర్చున్నాడు. ఆమె గొడ్డలి కాల్చి నీళ్లలో ముంచింది. అంచు చిట్లింది. సుక్రు ఊరి నాయుడి దగ్గరికి వెళ్లాడు. నేను పిలిపిస్తే నా దగ్గరికీ వచ్చి అదే మాట నెమ్మదిగా చెప్పాడు. “బొగ్గులు ఎట్టుకెల్తే వొద్దన్నాది. ఊదుతానంటే అక్కర్నేదన్నాది. మరి గొడ్డలి సిట్లితే నా తప్పు సగం ఎలగవుద్ది బాబూ? పొయ్యి ఆలదే, నిప్పు ఆలదే. తప్పూ ఆలదే.” ఊళ్లో అందరూ అతని మాటే సరైందన్నారు. న్యాయంగా ఆలోచిస్తే నాకూ సరైందే అనిపించింది. నాయుడు గెడ్డ అవతలికి కబురు పంపడానికి రోజు కూడా పెట్టాడు. ఇంకా వారం ఉంది.

గొడ్డలి ఎందుకు చిట్లిందని చిలకమ్మని అడిగాను. “మీ పొయ్యిలో గోడా ఇనుమూ ఒక్క రంగే ఉంటాది బాబూ. ఏది ఎంత కాలిందో ఎలా తెలుత్తాది? బొగ్గుల్లో అయితే సెప్పేత్తాను,” అంది. నిజమే. గ్యాసు డబ్బాలో గోడలన్నీ వెలుగుతూ ఉంటే ఇనుము రంగు ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. కొలిమి పక్కన పదిహేనేళ్లు కూర్చున్న ఆమె కళ్లకి బొగ్గు మీద రంగు తెలుసు. ఆ కళ్లని పనికిరాకుండా చేసి, దానికి నిలకడ అని పేరు పెట్టి మార్కులు వేసినవాణ్ణి నేను. పాత కొలిమి ఉంటే దాంట్లోనే కాల్చుకునేది. దాన్ని తన గునపంతో తనే తవ్వేసింది, నా ఫారంలో ‘అవును’ అని రాయడానికి. నాకు సిగ్గేసింది, ఆ మాట ఇప్పుడైనా చెప్పాలి.

మర్నాడే సిలిండరుని కావిడి మీద దింపించి జీపులో వేసుకుని వెనక్కి తెచ్చేశాను. అలా తేవడానికి నాకు అధికారం లేదు. మళ్లీ వెళ్లి, కొలిమి కట్టడానికి దిగాను. పుట్టమట్టి, ఊక, గాలి పోవడానికి ఒక ఇనప గొట్టం ముక్క. తిత్తులు మాత్రం చిలకమ్మ పారెయ్యలేదు, ఫోటోలో పడకుండా అటక మీద పెట్టింది. ఎందరికో కొలిమి బొమ్మ గీసి భాగాలు గుర్తించమన్నవాణ్ణి, నేను పెట్టిన గోడ రెండుసార్లు కూలింది. దొంబురు కాసేపు చూసి, “సర్లెండి బాబూ, మీరు నీల్లు పొయ్యండి,” అన్నాడు. అతను చెబుతుంటే చిలకమ్మ కట్టింది, నేను నీళ్లు పోశాను. సర్వీసులో నాకు అంత స్పష్టమైన డిమోషన్ ఇంకెవరూ ఇవ్వలేదు.

కబురు పంపేముందు కొత్త కొలిమి మీద ఒకసారి చూస్తానన్నాడు నాయుడు. అతను చెప్పిన రోజున పొద్దున్నే అందరూ వచ్చారు. సుక్రు చిట్లిన గొడ్డలి తెచ్చాడు, నెత్తిన బొగ్గుల బుట్ట కూడా. చిట్లినంత మేరా ముందు సానరాయి మీద అరగదీయించి పదును పెట్టించాను. చిలకమ్మ బొగ్గులు పేర్చి గొడ్డలి అంచు ఒక్కటే నిప్పులోకి పెట్టింది. సుక్రు తిత్తి దగ్గర కూర్చున్నాడు. పోయినసారి ఖాళీగా కూర్చోబెట్టిన కసి అంతా తీర్చుకుంటున్నట్టు ఊదాడు. ఆమె “సాలు, ఆపు” అంది. అతను ఆపేలోపు ఇంకో రెండు ఊదులు పడ్డాయి. ఆమె గొడ్డలి తీసి నీళ్లలో ముంచింది. సన్నగా ‘టిక్’ మంది. ఆ చప్పుడు అక్కడున్న అందరికీ తెలుసు. అంచు మళ్లీ చిట్లింది.

నేను నాయుడి మొహం చూడలేకపోయాను. కొలిమి మార్చడానికి నేను చేసినదంతా నీళ్లలో కలిసిందనుకున్నాను. చిలకమ్మ పటకారుతో గొడ్డలిని వెలుతురు వైపు తిప్పి అంచు చూసింది. ముందు మాట్లాడింది సుక్రు.

“నాను రెండు ఊదులు ఎక్కువ ఊదేసినాను,” అన్నాడు.

“నాను బేగి ముంచేసినాను. రంగు దిగనియ్యాల,” అంది చిలకమ్మ, గొడ్డలి వైపే చూస్తూ.

నాయుడు నోట్లో చుట్ట తీసి, “సగం సగం. అరగదీసి మల్లీ కాల్చండి,” అన్నాడు. అంతే. గెడ్డ అవతలి కమ్మరి పేరు ఎవరూ ఎత్తలేదు. మళ్లీ అరగదీశారు, మళ్లీ కాల్చారు. ఈసారి ఆమె ఆపమనగానే అతను ఆపాడు. ఆమె రంగు దిగేదాకా ఆగింది. గొడ్డలి నిలబడింది. నాయుడు దాంతో ఎండిన మొద్దు మీద నాలుగు దెబ్బలు వేసి, అంచు తడిమి చూసి, తన కత్తి పదును పెట్టడానికి ఇచ్చి వెళ్లాడు. వానలు పడేలోపు మూడు ఊళ్ల పనిముట్లూ ఆ కొలిమిలోనే కాలాయి. ఆ ఏడు గింజలు ఆ ఇంటికే వచ్చాయని తర్వాత విన్నాను.

ఆ మర్నెలలో నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని లబ్ధిదారు ఇంటి నుంచి తొలగించినందుకూ, తొలగించబడిన కొలిమిని తిరిగి కట్టించినందుకూ సంజాయిషీ అడిగారు. కొలిమి విషయంలో నేను తొలగించమన్న తప్పుకే గాని కట్టించిన తప్పుకి బాధ్యుణ్ణి కానని రాద్దామనుకుని మానేశాను. గ్యాసు కొలిమి ఎంపిక మినిట్స్‌లో అయిదు సంతకాలున్నాయి కదా అని అధ్యక్షుల వారిని కలిశాను. కన్వీనర్ తయారు చేసిన నోట్ మీద సభ్యులు నమ్మకంతో సంతకం చేశారని ఆయన వివరించారు. ఇంజనీరు గారు తన కాగితం రికార్డులో ఉందని గుర్తు చేశారు. అకౌంట్ల ఆయన ఆ వారం సెలవులో ఉన్నారు. రేంజరు గారు ఒక్కరే, నా భుజం మీద చెయ్యి వేసి, తన పేరు ఎక్కడా రాయొద్దని కోరారు. ఇకముందు జాగ్రత్తగా ఉండవలెనని నన్ను హెచ్చరించి, ఆ సంగతి సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. శిక్షణ నివేదికలో మాత్రం, మొదటి బహుమతి రోజున చిలకమ్మ గ్యాసు కొలిమి పక్కన నిలబడిన ఫోటో వేసి, పథకం విజయవంతమైందని రాశారు.

ఇప్పుడు పట్నాల నుంచి కుర్రాళ్లూ పెద్దవాళ్లూ కూడా ఫోన్లు చేస్తుంటారు. వీడియోలు చూశారట, ఇంట్లోనే కమ్మరం మొదలుపెడతారట, గ్యాసు మంచిదా బొగ్గు మంచిదా అని అడుగుతారు. ఎంత వేడి వస్తుంది, ఎంత శుభ్రంగా ఉంటుంది అన్న లెక్కలు ఎవరైనా చెబుతారు. నాకు తెలిసింది వేరు. మొదట చేసే పనిముట్లు ఎలాగూ చిట్లుతాయి. అవి చిట్లినప్పుడు ‘సగం నాది’ అనే మనిషి పక్కన కూర్చోవడానికి ఏ కొలిమి దగ్గర చోటుంటుందో దాన్ని తీసుకోండి. అలాంటి మనిషి ఎవరూ లేకపోతే గ్యాసు కొనుక్కోండి. పని హాయిగా సాగుతుంది, తప్పంతా మీ ఒక్కరిదే అవుతుంది. అది ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే నా సర్వీసు పుస్తకం చూపిస్తాను.